ఓక్ కాయలు ఎండబెట్టిందెవరు

సంచి ఎత్తగానే గలగలమంది. పుష్పలీల దాన్ని మళ్లీ ఊపి చూసింది. ఓక్ కాయ గలగలమనకూడదు. పచ్చిగా, బరువుగా, వాగులోంచి తీసిన గులకరాయిలా ఉండాలి. ఇవి చింతగింజల్లా మోగుతున్నాయి.

నీళ్ల పీపాలోకి సంచి గుమ్మరించింది. బతికున్న కాయ మునుగుతుంది, చచ్చిన కాయ తేలుతుంది. ఇందులో ఇంతకంటే శాస్త్రం లేదు. కాయలన్నీ తేలాయి. వాటి చుట్టూ నీళ్ల మీద బూడిద తెట్టు కట్టింది. రెండో సంచి గుమ్మరించింది. అవీ తేలాయి. ఒక కాయను కత్తితో చీల్చి చూసింది. లోపల పాలరంగులో నిండుగా ఉండాల్సిన పప్పు గోధుమరంగుకు తిరిగి, ముడుచుకుపోయి, పెంకును వదిలేసి ఉంది.

ఎవరో ఎండబెట్టారు. ఎండబెట్టి బూడిద కూడా కలిపారు. ఈ పని ఇంగ్లీషువాడు చేయడు. వడ్లు, కందులు, పెసలు ఎండబోసి, బూడిద కలిపి గుమ్మిలో దాచుకున్న చేతులే చేస్తాయి. స్విండన్‌లో ఆ చేతులు ఎవరివో పుష్పలీలకు వెంటనే తెలిసిపోయింది.

నర్సరీ ఇంగ్లండులో స్విండన్ ఊరి చివర ఉంది. జిగట బంకమట్టి నేల. అక్టోబరులో నిలిచిన నీళ్లు మార్చి దాకా కదలవు. ఇళ్లు కట్టేవాళ్లు కూడా వద్దన్న ఆ నేలను బాపురావు కొన్నాడు. ఐటీ ఉద్యోగం మానేసి, వరద నేలల్లో బతికే చెట్లు పెంచి అమ్ముతున్నాడు. నది ఒడ్డున మళ్లీ అడవి పెంచుతామని తిరిగే ట్రస్టులే ఆయన గిరాకీ. బాపురావును అందరూ అన్నా అనాలి. సార్ అంటే ముఖం మాడ్చుకుంటాడు. సార్‌ను ఓవర్‌టైమ్ అడగొచ్చు, అన్నను అడగలేరు. అదీ సంగతి.

పుష్పలీల జగిత్యాలలో ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చదివింది. ఆమె వీసా బాపురావు స్పాన్సర్‌షిప్ మీద ఉంది. భర్త మనీష్ వీసా, బడికెళ్లే కూతురి వీసా ఆమె వీసా మీద ఉన్నాయి. వచ్చే వేసవి దాటితే ఈ దేశంలో ఉండిపోయే హక్కు వస్తుంది. అప్పటిదాకా బాపురావు కంప్యూటర్‌లో ఒక్క బటన్ నొక్కితే ముగ్గురూ సూట్‌కేసులు సర్దుకోవాల్సిందే. ఇది ఆయన ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఆ కాయలు మామూలువి కావు. ఈ దేశపు సొంత ఓక్‌లు రెండు రకాలు. ఒకటి గుట్టల మీద, నీరు జారిపోయే నేలలో పెరిగేది. రెండోది బురదది. చలికాలమంతా వేళ్లు నీళ్లలో నానినా చైత్రంలో చిగురేసే మొండిది. చూడ్డానికి రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. తేడా కాడలో ఉంది. బురదదాని కాయ పొడుగాటి కాడకు వేలాడుతుంది, ఆకు మాత్రం కాడే లేనట్టు కొమ్మకు అతుక్కుని ఉంటుంది, ఆకు మొదట్లో చెవి తమ్మెల్లాంటి మడతలు రెండు. గుట్టదానికి అంతా తలకిందులు. ఆకుకు కాడ ఉంటుంది, కాయకు ఉండదు. అమెరికా నుంచి తెచ్చిన చిత్తడి ఓక్ కూడా ఒకటుంది, నీళ్లలో బాగానే నిలబడుతుంది. కానీ సున్నం కలిసిన ఈ మట్టిలో దాని ఆకు కామెర్లొచ్చినట్టు పసుపెక్కిపోతుంది. ట్రస్టుకు అది అక్కర్లేదు.

ట్రస్టు తరఫున వచ్చే హెలెన్‌కు కావాల్సింది ఒక్కటే. నది ఒడ్డున వందల ఏళ్లుగా వరద తాగుతూ నిలబడ్డ ముసలి ఓక్‌ల కాయలు. వాటి పిల్లలనే మళ్లీ ఆ ఒడ్డున నాటాలి. ఆ చెట్లు ఏటా కాయవు. ఈ ఏడు విరగకాశాయి, మళ్లీ ఎప్పుడు కాస్తాయో చెట్టుకే తెలియాలి. అక్టోబరులో పుష్పలీల, హెలెన్, ట్రస్టు పిలిచిన ఊళ్లోవాళ్లు వానలో వంగి వంగి ఏరారు. బాపురావు తల్లి రత్నమ్మ కూడా వెళ్లింది. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన మనిషి, ఇంట్లో కూర్చోలేక నడుముకు చెంగు దోపి కొడుకు రబ్బరు బూట్లేసుకుని వెళ్లి అందరికంటే ఎక్కువ ఏరింది. పుష్పలీలను బిడ్డా అని పిలిచేది. రోజూ మధ్యాహ్నం కొడుకు చేతికి ఒక డబ్బా ఎక్కువ ఇచ్చి పంపేది, పుష్పకు పెట్టు అని.

కాయలను తడి ఆకుల మధ్య చల్లగా ఉంచాలి. నర్సరీ షెడ్‌లోకి నీళ్లొచ్చాయని బాపురావు సంచులను తన ఇంటి గ్యారేజీకి మార్చాడు. తాళంచెవి పుష్పలీలకు ఇవ్వలేదు. నేను చూసుకుంట పో అన్నాడు. చూసుకున్నాడు. ఇవాళే వెనక్కి తెచ్చి దించాడు.

పుష్పలీల పరుగున ఆఫీసు క్యాబిన్‌కు వెళ్లింది. బాపురావు కాళ్ల దగ్గర హీటర్ పెట్టుకుని ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకుంటున్నాడు. కార్పెట్ మీదికి బూట్లు రానీయడు కాబట్టి ఆమె గుమ్మంలోనే ఆగింది. వాన వీపు మీద పడుతోంది.

"అన్నా, కాయలన్నీ సచ్చినయ్. ఎవరో ఎండబెట్టిండ్రు."

"అమ్మ ఎండబెట్టింది. తడితోని బూజు పడ్తయని కన్సర్వేటరీల, గా అద్దాల గదిల, బొంత పర్సి ఆరబోసింది. కాళ్లతోని సాళ్లు దీసుకుంట రోజు తిరగేసింది. బార్బెక్యూ బూడిద గూడ కలిపింది. నేను ఆ పక్కనే కూసుని చాయ్ తాగిన." నవ్వాడు. "ఎండితే ఏమైతది?"

"ఓక్ కాయ వడ్ల గింజ కాదన్నా. పచ్చిగుంటెనే పానం. ఎండితే పానం పోయినట్టే. మల్ల నీళ్లల్ల నానబెట్టినా రాదు."

బాపురావు నవ్వు ఆగింది. చాయ్ కప్పు కింద పెట్టాడు. కాసేపు కిటికీలోంచి నీళ్లు నిలిచిన మడులను చూశాడు. ఆమెను లోపలికి రమ్మనలేదు, తలుపు వేసుకో అనలేదు.

"రేపు హెలెన్ వస్తది గద. నువ్వు ఎండబెట్టినవని చెప్పు."

"నేనా?"

"మనిషన్నంక తప్పు చేస్తది, పుష్పా. వర్కర్ తప్పు చేసిందంటే వాళ్లు ఊకుంటరు. ట్రస్టు సరుకు దీసుకపోయి నా ఇంట్ల పెట్టిన, మా అమ్మ తొక్కిందంటే ఊకుంటరా? కాంట్రాక్టు పోతది. కాంట్రాక్టు పోతే నీ పోస్టెక్కడుంటది? పోస్టు లేకుంటే నేనేం స్పాన్సర్ చెయ్యాలె?"

"అన్నా, నేను చదువుకున్నదే గిది. నా పేరేం గావాలె?"

"పేరు జగిత్యాలల పనికొస్తదమ్మా. ఈడ వీసా పనికొస్తది." గొంతు మెత్తగా చేశాడు. "నేను బలవంతం చేస్తలేను. నీ ఇష్టం. ఒకటి మాత్రం, అమ్మకు ఈ సంగతి తెల్వొద్దు. ఆమె పానం తీస్కుంటది. కాయలు మొలుస్తున్నయనే చెప్పు."

మరుసటి రోజు హెలెన్ వచ్చింది. పీపాలో తేలుతున్న కాయలను చూసి చేత్తో ఒకసారి కలిపింది. వాటిలో సగం ఆమె స్వయంగా ఏరినవి. పుష్పలీల నేర్చుకున్న మాట నేర్చుకున్నట్టు చెప్పింది.

"నేనే ఆరబెట్టాను, హెలెన్. మా దేశంలో విత్తనం ఎండబెట్టే దాస్తాం."

హెలెన్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జాలిగా తలూపింది. "ఓహ్, పుష్పా. యు ఆఫ్ ఆల్ పీపుల్" అంది. నది ఒడ్డున ఆకు తిప్పి చూపించి, ఇది బురదది అది గుట్టది అని హెలెన్‌కే నేర్పిన మనిషి పుష్పలీల. ఇప్పుడు ఆ నేర్పిందంతా నిజమేనా అన్నట్టు చూసింది.

"ఆమెకు ట్రైనింగ్ ఇప్పిస్తాం" అన్నాడు బాపురావు ఇంగ్లీషులో, పుష్పలీల భుజం తడుతూ. "బేసిక్స్ నుంచి మొదలుపెట్టిస్తాం."

అన్నట్టే పెట్టించాడు. కుండీల్లో విత్తే పని ఆమె చేతిలోంచి తీసేశాడు. మురుగు కాల్వ తవ్వే పని ఇచ్చాడు. విత్తనాల షెడ్ తలుపు మీద కాగితం అంటించాడు, పుష్పకు ప్రవేశం లేదు అని. సరదాకే అన్నాడు. కాగితం మాత్రం తీయలేదు. ఆమె ఆ కాగితం పక్కనుంచే రోజూ పార తీసుకుని వెళ్లేది. వేసవి దాకా అనుకునేది. వేసవి దాకా ఏమన్నా పడొచ్చు.

జనవరిలో ఒక ఆదివారం బాపురావు ఇంట్లో భోజనాలు. స్విండన్ తెలుగువాళ్లు హాలు నిండా ఉన్నారు. పుష్పలీలను వడ్డించడానికి పిలిచారు, నువ్వు ఇంటి మనిషివి గద అని. ఇంటి మనిషిని ఆదివారం కూడా పనికి పిలవొచ్చు, జీతం అడగదు. ఆస్పత్రి డాక్టరు నరసింహం, ఆయన భార్య ప్రఫుల్ల సోఫాలో ఉన్నారు. వాళ్లది కాకినాడ వైపు. మాటల్లో చెట్ల ప్రస్తావన వచ్చింది. బాపురావు గొంతు సవరించుకున్నాడు.

"మా పుష్ప సంగతి విన్నరా? ఎమ్మెస్సీ అగ్రికల్చర్. ఓక్ కాయలను వడ్ల లెక్క ఎండబోసింది! కాళ్లతోని తిరగేసింది. మీదికెల్లి బూడిద కలిపింది. నయం, వడియాలు పెట్టలే."

హాలంతా గొల్లుమంది.

"అయ్యో పుష్పా, పన్లో పని ఉప్పూ కారం కూడా కలపాల్సింది. ఆవకాయయినా మిగిలేది" అంది ప్రఫుల్ల కళ్లు తుడుచుకుంటూ.

పుష్పలీల కూడా నవ్వింది. పప్పు గిన్నె చేతిలో ఉంది, నవ్వక తప్పదు. అప్పుడే రత్నమ్మ వంటింట్లోంచి సర్వపిండి పళ్లెంతో వచ్చింది. అందరి ముఖాలూ చూసింది.

"పుష్ప ఎక్కడ ఎండబోసింది రా? నేను గద ఎండబోసింది."

నవ్వులు ఆగిపోయాయి.

"బొంత మీద ఆరబోసి సాళ్లు దీసిన గద, నువ్వు చాయ్ తాగవడితివి." రత్నమ్మ కొడుకు వైపు చూసింది. "అయితే ఎండబెట్టుడు తప్పా రా? కాయలు మొలిచినయ్ అన్నవ్?"

బాపురావు ప్లేటు పక్కన పెట్టాడు. పుష్పలీల ఆయన్నే చూస్తోంది. ఒక్క క్షణం ఆ మనిషి, అవునమ్మా నువ్వే, తప్పేం లేదు, నాకూ తెల్వలే అంటాడేమో అనిపించింది. అంటే అందరూ ఇంకోసారి నవ్వి ఊరుకునేవాళ్లు. కానీ తన మాట అబద్ధమని హాలు నిండా ఉన్న జనం ముందు తేలిపోయేది. ఆయన లేచి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, నీకు యాదిలేదు. నువ్వు కాదు, పుష్ప. నువ్వు సూసినవ్ గంతే."

"నేను సూసుడేంది రా?"

"పుష్పా, చెప్పు అమ్మకు. ఎవరు ఎండబెట్టిండ్రు?"

అందరి కళ్లూ పుష్పలీల మీదికి తిరిగాయి. చేతిలో గిన్నె కాలుతోంది. ముసలామె ఆమె వైపు ధీమాగా చూసింది. తన బిడ్డ చెబుతుంది కదా అన్నట్టు.

"నేనే ఎండబెట్టిన, అమ్మా" అంది పుష్పలీల.

"పెద్దావిడ కదండీ" అన్నాడు నరసింహం, రిపోర్టు చదువుతున్న గొంతుతో. "ఈ వయసులో ఎవరో చేసింది తామే చేశామనుకోవడం మామూలే. పాత సంగతులన్నీ బాగానే గుర్తుంటాయి, మొన్నమొన్నటివే తారుమారవుతాయి. ఓసారి క్లినిక్‌కి తీసుకెళ్లి మీ ఫ్యామిలీ డాక్టరుకు చూపించండి."

"నాకు తారుమారు గాలే!" రత్నమ్మ పళ్లెం బల్ల మీద పెట్టింది. "మొన్నటియన్ని యాదికున్నయ్. అడుగుర్రి! బురద చెట్టు కాయకు కాడుంటది, ఆకుకుండది. ఆకు మొదలు కాడ చెవులుంటయ్. గుట్ట చెట్టు ఆకుకు కాడుంటది, కాయకుండది. మంచి కాయ నీళ్లల్ల మునుగుతది. పుష్పనే నేర్పింది, ఈ కొత్త సంగతి నాకెట్ల యాదికున్నది మరి?"

ప్రఫుల్ల చప్పట్లు కొట్టింది. పద్యం ఒప్పజెప్పిన బళ్లో పిల్లకు కొట్టినట్టు. "ఎంత ముద్దుగా చెప్పారండీ!" అంది. మిగతావాళ్లూ కొట్టారు. రత్నమ్మ ఆ చప్పట్ల మధ్య నిలబడి ఒక్కొక్కరి ముఖమే చూస్తూ పోయింది. చివరికి పుష్పలీల ముఖం దగ్గర ఆగింది. పుష్పలీల నరసింహం ప్లేటులో పప్పు వడ్డించింది.

ఆ తర్వాత బాపురావు తన అబద్ధాన్ని తనే నమ్మడం మొదలుపెట్టాడు. అది ఆయనకు సుఖంగా ఉంది. స్టవ్ ముట్టొద్దు అన్నాడు తల్లితో. వాకిలి దాటితే దారి తప్పుతవ్ అన్నాడు. ఆఫీసుకు పోతూ వంటిల్లు తాళం వేసుకుపోయేవాడు. ఆమె పెరుగన్నంలో ఉప్పు వేసి, వేశానా లేదా అని నిలబడిపోతోందని నర్సరీలో చెప్పి నిట్టూర్చేవాడు. "ఏం జేస్తం పుష్పా, వయసు." మధ్యాహ్నం డబ్బా రావడం ఆగిపోయింది. పుష్పలీలకు ఆకలి గుర్తొచ్చేది కాదు. ముసలామెను తలుచుకోకుండా ఉండటం మాత్రం నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్చుకుంది. మనీష్‌కు కూడా చెప్పలేదు. చెబితే ఏమంటాడో తెలుసు. వేసవి దాకా అంటాడు.

చచ్చిన కాయల బదులు బాపురావు ఎక్కడినుంచో ఓక్ మొక్కలు తెప్పించాడు. ఫిబ్రవరిలో వాటిని చూసి ఒప్పందం నిలపాలా తెంచాలా తేల్చడానికి హెలెన్ వస్తానంది. ఆ పొద్దున పుష్పలీల మొక్కల కట్టలు విప్పుతోంది. కొమ్మకు అంటుకుని మిగిలిన ఎండుటాకుల కాడలు చూసి, గుట్టవి దొర్లితే ఏరి పక్కన పడేస్తోంది. బాపురావు గేటు దగ్గర ఉన్నాడు. వెనక కంచె వైపు నుంచి బురదలో అడుగుల చప్పుడు వినిపించింది.

రత్నమ్మ. చీర మీద కోటు, కాళ్లకు కొడుకు బూట్లు, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఇంటినుంచి ఇంత దూరం ఒక్కతే నడిచి వచ్చింది. దారి తప్పలేదు.

"బిడ్డా, నువ్వు జెప్పింది నిజమే అనుకున్న. నాకే మతి పోయిందనుకున్న. మంచం కింద గిది దొరికింది, సూడు."

సంచిలోంచి బొంత తీసి దులిపింది. తెల్లటి బొంత నిండా నల్లగా, గోధుమరంగుగా కాయల వగరు మరకలు. మరకల మధ్యలో తెల్లటి బాటలు. కాళ్లతో తీసిన సాళ్లు. మడి కట్టినంత వరసగా ఉన్నాయి.

"నా సాళ్లే. నా అడుగు నేను గుర్తువట్టనా? నువ్వు నా కొడుకు కోసం మాట మీదేసుకున్నవ్. నాకు తెలిసింది. ఇయ్యాల ఆ దొరసాని వస్తది గద. ఇది జూపిస్త. పుష్ప తప్పు లేదు, నేనే జేసిన, నాకు తెల్వక జేసిన అని చెప్త. నీ మీది మాట తీసేస్త బిడ్డా. నువ్వు ఇంగిలీసుల చెప్పు, గంతే."

పుష్పలీల గేటు వైపు చూసింది. హెలెన్ కారు మలుపు తిరుగుతోంది. బాపురావు చెయ్యి ఊపుతున్నాడు. ఈ బొంత హెలెన్ కంట పడితే కాంట్రాక్టు ఉండదు. పోస్టు ఉండదు. వేసవి ఉండదు. ముసలామె చేతులు బొంతను జెండాలా పట్టుకుని ఉన్నాయి.

ఈసారి ఎవరూ ఆమెను అడగలేదు. చెప్పు పుష్పా అని ఎవరూ అనలేదు.

"ఇవి కాయల మరకలు కావమ్మా" అంది. "చాయ్ మరకలు."

"చాయా?" రత్నమ్మ బొంతను ముఖం దగ్గరికి తెచ్చుకుంది. "ఇంత చాయ్ ఎవరు వోసిండ్రు బిడ్డా బొంత మీద?"

"మీరే అమ్మా. మీరే ఒలకబోసుకున్నరు. కొడుకు తిడ్తడని మంచం కింద దాసిండ్రు. యాదిలేదా?"

రత్నమ్మ కళ్లు మరకల మీద అటూ ఇటూ తిరిగాయి, దేనికోసమో వెతుకుతున్నట్టు. సాళ్లను వేలితో తడిమింది. వేలు సగంలో ఆగిపోయింది.

"నేనే దాసిన్నా?"

"మీరే."

పుష్పలీల ఆమె చేతుల్లోంచి బొంత తీసుకుంది. ముసలామె వదిలేసింది. దాన్ని పీపా నీళ్లలో ముంచి, మునిగేదాకా రెండు చేతులతో తొక్కిపెట్టి, మీద ఒక రాయి పెట్టింది. రత్నమ్మను చెయ్యి పట్టుకుని తిరగేసిన క్రేటు మీద కూర్చోబెట్టింది. ఆమె బుద్ధిగా కూర్చుంది. కోటు గుండీ ఒకటి ఊడి ఉంటే పుష్పలీల పెట్టింది.

హెలెన్ మడుల మధ్యనుంచి వస్తోంది. దూరం నుంచే చెయ్యి ఊపింది. రత్నమ్మ ఆమెను చూసింది, ఎవరో తెలియనట్టు, తెలుసని చెప్పడానికి భయపడ్డట్టు. మెల్లగా అడిగింది.

"బిడ్డా, ఇయ్యాల ఏ వారం?"

"గురువారం, అమ్మా."

"గురువారమా?" అంది రత్నమ్మ. "సరే. నువ్వు చెప్తే గురువారమే."

పుష్పలీల చేతులు కోటుకు తుడుచుకుని, ఓక్ మొక్క ఒకటి తీసుకుని, నవ్వు ముఖంతో హెలెన్‌కు ఎదురు వెళ్లింది.